కొట్టేసిన అంకె కనబడాలి

(సాగర పరిశోధన నౌకల్లో మూడు దశాబ్దాల పాటు సముద్రపు నీటిని పరీక్షించి పదవీ విరమణ చేసిన రసాయన శాస్త్ర ఉద్యోగి ఒకరు ఈ నెల పాఠకుల ప్రశ్నలకు జవాబులు ఇస్తున్నారు.)

ప్రశ్న: పరిశోధన నౌక మీద శాస్త్రవేత్తలు రోజంతా ఏం చేస్తారు? ప్రయోగశాలలో కూర్చుని చేసే పనే కదా, దానికి ఓడ ఎందుకు?
— డిగ్రీ విద్యార్థి, విజయనగరం

బాబూ, ఓడ మీద రోజుకు మొదలూ చివరా ఉండవు. ఓడ నడిపేవాళ్ళకు వంతులు ఉంటాయి. పన్నెండు నుంచి నాలుగు, నాలుగు నుంచి ఎనిమిది, ఎనిమిది నుంచి పన్నెండు. నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విశ్రాంతి. మా శాస్త్ర బృందానికి మాత్రం గడియారం కంటే స్టేషన్ ముఖ్యం. స్టేషన్ అంటే బయలుదేరే ముందే పటం మీద చుక్క పెట్టుకున్న చోటు. అక్షాంశం, రేఖాంశం తప్ప అక్కడ వేరే గుర్తేమీ ఉండదు. నాలుగు దిక్కులా నీళ్ళే. ఓడ అక్కడికి ఎప్పుడు చేరితే అప్పుడు పని మొదలవుతుంది. కంచంలో అన్నం కలుపుకున్నా లేవాలి, అర్ధరాత్రి దాటి రెండయినా లేవాలి.

నేను ఎక్కువ కాలం పనిచేసింది సాగర్ కన్య మీద. 1983లో పశ్చిమ జర్మనీలో కట్టిన వంద మీటర్ల ఓడ అది. దానికి ముందు గవేషణి ఉండేది, మన దేశపు మొదటి సముద్ర పరిశోధన నౌక. బురద మోసే ఓడగా కలకత్తాలో తయారవుతున్నదాన్ని పరిశోధనకు అనువుగా మార్చి 1976లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు ఇచ్చారు. 1981 జనవరి 26న సముద్రం అడుగు నుంచి లోహపు ముద్దలను మొదటిసారి పైకి తెచ్చింది ఆ గవేషణే. మా సీనియర్లు ఆ ఓడ పేరు ఎత్తితే చాలు, కన్నవాళ్ళ ఊరి గురించి చెప్పినట్టు చెప్పేవారు.

ఒక రాత్రి స్టేషన్ ఎలా ఉంటుందో చెబుతాను. ఓడ నడిపే గది (బ్రిడ్జి) నుంచి ఫోను మోగుతుంది. ఇంజిన్ హోరు తగ్గగానే నిద్రలో ఉన్నవాడికి కూడా మెలకువ వస్తుంది. నెలల తరబడి ఆ హోరులో పడుకున్నవాళ్ళను లేపేది నిశ్శబ్దమే. డెక్కు మీద దీపాలు వెలుగుతాయి. సరంగు, ఇద్దరు ముగ్గురు కలాసీలు తీగను దించి లాగే వించి యంత్రం దగ్గర సిద్ధంగా ఉంటారు. ఇనుప చట్రం చుట్టూ గుండ్రంగా బూడిద రంగు సీసాలు అమర్చి ఉంటాయి. ఒక్కొక్కటి మోకాలిని దాటే పొడవు. పై మూత, కింది మూత రెండూ తెరిచి కట్టి ఉంచుతాం. చట్రం మధ్యలో ఉష్ణోగ్రత, ఉప్పదనం, ఒత్తిడి కొలిచే పరికరం ఉంటుంది. దాన్ని మేం సీటీడీ అంటాం. ఉక్కు తీగకు వేలాడదీసి సెకనుకు సుమారు ఒక మీటరు చొప్పున దించుతాం. విశాఖ తీరం నుంచి బాగా లోపలికి వెళితే లోతు మూడు వేల మీటర్లు దాటుతుంది. దిగి రావడానికే రెండు గంటల పైన పడుతుంది. పైకి తెచ్చేటప్పుడు అనుకున్న ప్రతి లోతులోనూ ఆపి, లోపల కంప్యూటరు దగ్గర మీట నొక్కితే ఒక్కో సీసా మూతలు పడతాయి. ఆ లోతు నీళ్ళు ఆ సీసాలోనే ఉండిపోతాయి.

చట్రం డెక్కు మీదికి రాగానే నా పని. మొదట ప్రాణవాయువు పరీక్షకు నీళ్ళు పట్టాలి. తర్వాతే పోషకాలకు, చివర ఉప్పుకు. ఈ వరస తప్పకూడదు. ఎందుకంటే గాలి తగిలిన కొద్దీ నీళ్ళు మారిపోతాయి. రబ్బరు గొట్టం గాజు సీసా అడుగుకు ఆనించి, ఒక్క బుడగ కూడా రాకుండా నింపి, పొంగి పొర్లనివ్వాలి. తర్వాత రెండు మందులు వేయాలి. 1888లో హంగరీ రసాయన శాస్త్రవేత్త వింక్లర్ చెప్పిన పద్ధతి ఇది, ఈనాటికీ దీన్ని మించిన కొలత దొరకడం కష్టం. మూత పెట్టి తిరగేస్తే నీళ్ళలో ప్రాణవాయువు ఉన్నకొద్దీ గోధుమ రంగు మడ్డి కడుతుంది. పై నీళ్ళ సీసా చిక్కటి కాఫీ రంగుకు తిరుగుతుంది. లోతు పెరిగే కొద్దీ రంగు పలచబడుతుంది. అరేబియా సముద్రంలో మూడు నాలుగు వందల మీటర్ల దగ్గరి సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు చూడాలి. మడ్డి తెల్లగా, విరిగిన పాలలా ఉండిపోతుంది. ఆ నీళ్ళలో ప్రాణవాయువు దాదాపు లేదని అర్థం. పుస్తకంలో వందసార్లు చదివిన సంగతే. అయినా రాత్రి మూడు గంటలకు ఆ తెల్లటి మడ్డిని దీపం వెలుగులో మొదటిసారి చూసినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. మన తీరానికి నాలుగు రోజుల దూరంలో, ఓడ కింద, ఊపిరి లేని నీళ్ళు.

ఇక నీ రెండో ప్రశ్న. నీళ్ళు ఒడ్డుకు తెచ్చి పరీక్షిస్తే ఆ తెల్లదనం నిలవదు. అందుకే ప్రయోగశాలే సముద్రం మీదికి వెళ్ళాలి.

ప్రశ్న: గోదావరి నీళ్ళు సముద్రంలో కలిశాక ఏమవుతాయి? మీ లెక్కల్లో వాటి ఆనవాలు కనిపిస్తుందా?
— గృహిణి, రాజమహేంద్రవరం

కనిపిస్తుందమ్మా. చాలా స్పష్టంగా కనిపిస్తుంది. అరేబియా సముద్రంలో కిలో నీటికి సుమారు 36 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన బంగాళాఖాతం మధ్యలో పై నీళ్ళలో 33 దాకా ఉంటుంది. వానాకాలం వెళ్ళాక ఉత్తరపు కొసకు పోతే 30 కంటే కిందికి దిగుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, మన గోదావరి, కృష్ణ అన్నీ ఇందులోకే వస్తాయి. పైగా వర్షం నేరుగా సముద్రం మీద పడేదీ తక్కువ కాదు.

ఒక సంగతి మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. ఆ రోజుల్లో కాకినాడ ఎదురుగా మేం పట్టిన తక్కువ ఉప్పు నీళ్ళలో గంగా బ్రహ్మపుత్రల వాటా కూడా ఉంటుంది. కార్తీక మాసంలో గోదావరి ఒడ్డున దీపం వదిలే మీకు, ఆ ఎదుటి సముద్రంలోనే గంగ నీళ్ళు దిగువకు నడిచి వెళ్తున్నాయని చెప్పాలని నాకు ఎన్నాళ్ళ నుంచో ఉంది.

ఈ మంచినీటి పొర తేలిక కనుక పైనే పరుచుకుని ఉంటుంది. కింది చల్లటి నీళ్ళను గాలి తేలిగ్గా పైకి కలపలేదు. అందుకే బంగాళాఖాతం పైపొర ఏడాదిలో చాలా కాలం 28 డిగ్రీలకు తగ్గకుండా వేడిగా ఉంటుంది. మేఘాలకు, తుఫానులకు బలం అందులోంచే వస్తుంది. 1999 జూలై, ఆగస్టుల్లో బాబ్‌మెక్స్ అనే కార్యక్రమం కింద సాగర్ కన్య ఉత్తర బంగాళాఖాతంలో రోజుల తరబడి ఒకే చోట నిలబడి ఈ సంగతిని కొలిచింది. పగలూ రాత్రీ కొన్ని గంటలకొకసారి సీటీడీ దించడం, బెలూన్లు ఎగరేయడం. అంతకంటే విసుగు పుట్టించే పని ఉండదని బయటివాళ్ళకు అనిపిస్తుంది. వాన పడ్డ గంటకు పై నీళ్ళ ఉప్పదనం ఎలా పడిపోతుందో తెర మీద గీత గీతగా చూసినవాళ్ళకు విసుగు రాదు.

ప్రశ్న: ఇప్పుడు అన్నీ కంప్యూటర్లే నమోదు చేస్తున్నాయి. ఇంకా కాగితం మీద లాగ్‌బుక్కులు రాయడం కాలం చెల్లిన పద్ధతి కాదా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్గొండ

మాస్టారూ, మీరు అడిగినదానికే నా ఉద్యోగ జీవితంలో సగం పోయింది. కాస్త వివరంగా చెప్పనివ్వండి.

కంప్యూటరు అంకెను నమోదు చేస్తుంది. ఆ అంకె ఎలా వచ్చిందో మనిషి రాయాలి. స్టేషన్ కాగితంలో ఓడ పేరు, యాత్ర సంఖ్య, స్టేషన్ సంఖ్య, తేదీ, గ్రీనిచ్ సమయం, అక్షాంశ రేఖాంశాలు, లోతు, గాలి దిశ, వేగం, మేఘాలు, సీసా సీసాకూ ఒక వరస ఉంటాయి. కుడివైపు చివర 'వివరాలు' అని ఒక గడి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు. నా దృష్టిలో కాగితం మొత్తం మీద అమూల్యమైనది ఆ గడే.

నాకు ఇది తేలిగ్గా తెలియలేదు. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో ఒక యాత్రలో, సముద్రం బాగా కదులుతుండగా, డెక్కు మీద పెన్సిలుతో రాసుకున్న చిత్తు కాగితం ఉప్పునీళ్ళు పడి మరకలైంది. (డెక్కు మీద పెన్సిలే వాడతాం. తడి తగిలితే సిరా కారిపోతుంది.) అందులో ఒక వరస పక్కన 'ఏడో సీసా కింది మూత దగ్గర చుక్కలు కారుతున్నాయి' అని నేనే రాశాను. మర్నాడు కేబిన్‌లో కూర్చుని ముత్యాల్లాంటి అక్షరాలతో శుభ్రమైన ప్రతి తయారుచేశాను. పేజీ అందంగా ఉండాలని ఆ చుక్కల మాట వదిలేశాను. చిత్తు కాగితం పారేశాను.

కొన్ని నెలల తర్వాత ఆ స్టేషన్ గీతపటం గీసినవాళ్ళకు ఎనిమిది వందల మీటర్ల దగ్గర ప్రాణవాయువు కాస్త ఎక్కువగా కనిపించింది. పైనా తక్కువే, కిందా తక్కువే, మధ్యలో ఒక గుబ్బ. వేరే చోటి నీళ్ళేమైనా ఆ లోతులో చొరబడ్డాయా అని పెద్ద చర్చ నడిచింది. మా పెద్దాయన నన్ను పిలిచి, 'చిత్తు కాగితం ఏది?' అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో నాకు అంతా గుర్తుకొచ్చింది. సీసా కారింది. పైకి వచ్చేటప్పుడు పై నీళ్ళు, గాలి అందులో కలిశాయి. గుబ్బ అందుకే వచ్చింది. చెప్పాను. ఆయన కోప్పడలేదు. 'నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. కానీ కాగితం మీద లేదు. నీ మాట మీద ఆ అంకెను కొట్టేయలేను, నమ్మనూ లేను' అన్నారు. ఆ కొలత 'అనుమానం' గుర్తుతో అలాగే మిగిలిపోయింది. దాన్ని పట్టుకోవడానికి పది మంది రాత్రంతా మేలుకున్నారు.

అప్పటి నుంచి నేను పాటించినవి, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళ చేత పాటింపజేసినవి కొన్ని ఉన్నాయి. రబ్బరు వాడకూడదు. తెల్ల సిరా పూయకూడదు. తప్పు రాస్తే ఒక్క అడ్డగీత మాత్రమే గీయాలి. కింద ఉన్న పాత అంకె చదవడానికి వీలుగా ఉండాలి. పక్కన కొత్త అంకె, పొడి అక్షరాల సంతకం, సమయం. చాలాసార్లు కొట్టేసిన అంకే సరైనదని తర్వాత తేలింది. చిత్తు కాగితం ఎంత మురికిగా ఉన్నా దాన్నే దాచాలి, శుభ్రమైన ప్రతి దానికి తోడుగా ఉండాలి.

ఇది నా ఒక్కడి పట్టుదల అనుకోవద్దు. ప్రపంచం మొత్తం సముద్రాల ఉష్ణోగ్రత రికార్డును వరసగా పెట్టి చూస్తే 1945 చివర్లో ఉన్నట్టుండి సుమారు 0.3 డిగ్రీలు పడిపోయినట్టు కనిపిస్తుంది. సముద్రం ఒక్కసారిగా అంత చల్లబడదు. 2008లో గానీ కారణం తేలలేదు. యుద్ధకాలంలో ఎక్కువ కొలతలు అమెరికా ఓడలవి. వాళ్ళు ఇంజిన్ గదికి వచ్చే నీటి గొట్టం దగ్గర కొలిచేవారు, అక్కడ నీళ్ళు కాస్త వేడెక్కి ఉంటాయి. యుద్ధం ముగిశాక బ్రిటిష్ ఓడల కొలతల వాటా ఒక్కసారిగా పెరిగింది. వాళ్ళు బకెట్ దించి నీళ్ళు తోడి కొలిచేవారు. గాలికి ఆరే బకెట్‌లో నీళ్ళు చల్లబడతాయి. మారింది సముద్రం కాదు, బకెట్. ఏ ఓడ ఎలా కొలిచిందో ప్రతి కొలత పక్కనా రాసి ఉంటే అరవై ఏళ్ళు ఆగాల్సిన పని లేదు.

ఇంకొకటి. ఎక్స్‌బీటీ అనే చిన్న పరికరం ఉంటుంది. జానెడు పొడవు, చిన్న బాంబు ఆకారం. ఓడ ఆపకుండానే నీళ్ళలోకి వదిలితే, జుట్టులాంటి రాగి తీగ విప్పుకుంటూ దిగిపోతూ ఉష్ణోగ్రత పంపుతుంది. కొన్ని రకాలు 760 మీటర్ల దాకా పోతాయి. అందులో లోతు కొలిచే సాధనం లేదు. వదిలి ఎన్ని సెకన్లయిందో చూసి లోతు లెక్కగడతాం. తయారీదారులు ఇచ్చిన ఆ లెక్కే కాస్త తప్పని, పరికరం అనుకున్నదానికంటే వేగంగా పడుతోందని తర్వాత తేలింది. 1995లో సరిచేసిన సూత్రం వచ్చింది. మంచిదే, పాత కొలతలనూ దాంతో సరిదిద్దవచ్చు. కానీ వదిలినది ఏ రకం పరికరమో, అప్పుడు ఏ సూత్రం వాడారో రాసి ఉన్న కొలతలనే నమ్మకంగా సరిదిద్దగలం. రాయని వేలాది కొలతల దగ్గర ఊహించాల్సి వచ్చింది. సముద్రం ఎంత వేడెక్కుతోందన్న లెక్క ఇలాంటి చిన్న గడుల మీద ఆధారపడి ఉంది.

అందుకే మాస్టారూ, కంప్యూటర్లు రావడం నాకు సంతోషమే. దాని పక్కన తడిసినా నలిగినా ఆ కాగితం ఉండాలని మాత్రం గట్టిగా కోరుకుంటాను.

ప్రశ్న: సముద్రం అడుగున చలిగా ఉంటుందా?
— ఆరో తరగతి విద్యార్థిని, హైదరాబాద్

చాలా చలి, తల్లీ. విశాఖ దగ్గర పైన నీళ్ళు 28, 30 డిగ్రీలు ఉంటే, మూడు వేల మీటర్ల లోతులో రెండు డిగ్రీల లోపే. మండు వేసవిలో కూడా అంతే. సీసాలు పైకి వచ్చినప్పుడు వాటి మీద చెమట పడుతుంది, వేళ్ళు కొంకర్లు పోతాయి. ఒత్తిడి కూడా ఎక్కువే, పైన ఉన్నదానికి మూడు వందల రెట్లు. మేం థర్మోకోల్ కప్పు మీద పెన్నుతో పేర్లు రాసి, వల సంచిలో పెట్టి సీటీడీకి కట్టి దించేవాళ్ళం. తిరిగి వచ్చేసరికి అది నలగకుండా, అదే ఆకారంలో, లక్కపిడతంత అయిపోయేది. అక్షరాలు కూడా చీమల్లా చిన్నవయ్యేవి. మా ఇంట్లో ఇంకా ఒకటి ఉంది.

ప్రశ్న: చేపలు ఎక్కడ దొరుకుతాయో మాకు ఫోనుకు వచ్చే సమాచారం మీ ఓడలు చూసి చెబుతాయా? కొన్నిసార్లు రాదు, ఎందుకు?
— యువ మత్స్యకారుడు, ఉప్పాడ

తమ్ముడూ, ఆ సమాచారం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ నుంచి వస్తుంది. 1999లో మొదలైన సముద్ర సమాచార సంస్థ అది. సునామీ హెచ్చరికలు ఇచ్చే కేంద్రం కూడా 2007 నుంచి అక్కడే ఉంది. చేపల సమాచారానికి ఆధారం ఉపగ్రహాలు. నీటి వేడి ఎక్కడ మారుతోంది, ఆకుపచ్చదనం ఎక్కడ ఎక్కువగా ఉంది అని చూస్తాయి. ఆకుపచ్చదనం అంటే కంటికి కనబడని నాచు, చేపకు మేత అక్కడి నుంచే మొదలవుతుంది. మబ్బు పడితే ఉపగ్రహానికి సరిగా కనిపించదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్నప్పుడూ ఇవ్వరు. ఉపగ్రహం చూసేది పైచర్మాన్నే. అది చెప్పింది నిజమో కాదో సరిచూడటానికి నీళ్ళలోకి దిగి కొలిచే ఓడలు, తేలే పరికరాలు కావాలి.

నీకు రెండు విన్నపాలు. నడిసముద్రంలో లంగరు వేసిన పసుపు రంగు బోయాలు చూసి ఉంటావు. వాటి నీడన చేపలు చేరతాయని నాకు తెలుసు. దయచేసి వాటికి పడవ కట్టకండి, వాటి తీగలు కోయకండి. గాలి, కెరటం, నీటి వేడి కొలిచి ఎప్పటికప్పుడు తీరానికి పంపేది అదే. తుఫాను వస్తుందని మీ ఊరికి చెప్పే లెక్కలో దాని మాట ఉంటుంది. ఒక బోయా మూగబోయిందని తెలిసి బాగుచేయడానికి వెళ్ళినప్పుడు, తెగిన తాడు పట్టుకుని మేం ఎంత బాధపడ్డామో నీకు చెప్పలేను.

రెండోది, పరిశోధన ఓడ ఆగి ఉండగా దాని స్తంభానికి నల్లటి గుండు, దాని కింద వజ్రం ఆకారం, మళ్ళీ గుండు వేలాడుతుంటే, లేదా రాత్రి ఎరుపు, తెలుపు, ఎరుపు దీపాలు ఒకదాని కింద ఒకటి వెలుగుతుంటే, పని జరుగుతోందని, ఓడ పక్కకు తప్పుకునే వీలు లేదని అర్థం. కింద వందల బారల తీగ దిగి ఉంటుంది. దూరంగా పోనివ్వండి. వల చిక్కితే మీకూ నష్టం, మాకూ నష్టం.

ప్రశ్న: మా అమ్మాయి సముద్ర శాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తానంటోంది. నెలల తరబడి ఓడ మీద ఆడపిల్ల ఎలా ఉంటుందోనని మాకు భయంగా ఉంది.
— ఒక తల్లి, గుంటూరు

అమ్మా, మీ భయం సహజమే. మన దేశపు అంటార్కిటికా పరిశోధన యాత్రల్లో వెళ్ళిన మొదటి మహిళలు ఇద్దరు, అదితి పంత్, సుదీప్తా సేన్‌గుప్తా. 1983లో బయలుదేరిన యాత్రలో వెళ్ళారు. అదితి పంత్ గారు సముద్ర శాస్త్రవేత్తే. దారి అప్పుడే పడింది. నేను పనిచేసిన చివరి పదేళ్ళలో ప్రతి యాత్రలోనూ అమ్మాయిలు ఉండేవారు. నేను చూసిన అత్యంత నమ్మకమైన ప్రాణవాయువు కొలతలు వాళ్ళలో ఒకరివే. తెల్లవారుజామున కూడా ఆమె చేయి తొణికేది కాదు, 'వివరాలు' గడి ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ చదువు ఉంది. మీకు దూరం కూడా కాదు.

కష్టాలు లేవని చెప్పను. మొదటి రెండు మూడు రోజులు కడుపులో తిప్పుతుంది. ఖాళీ కడుపుతో ఉంటే ఇంకా ఎక్కువవుతుంది. పొడి బిస్కెట్లు, కాస్త నిమ్మకాయ ఊరగాయ, డెక్కు మీద నిలబడి దిగంతం వైపు చూడటం, ఇవి నాకు పనిచేశాయి. మాత్రలు డాక్టరును అడిగి ముందే తీసుకోవాలి, వాంతులు మొదలయ్యాక వేసుకుంటే నిలవవు. భోజనాల బల్ల మీద తడిగుడ్డ పరుస్తారు, కంచాలు జారకుండా. వారం వారం ప్రమాద సాధన ఉంటుంది. గంట మోగగానే లైఫ్ జాకెట్ తొడుక్కుని తనకు కేటాయించిన పడవ దగ్గర నిలబడాలి. ఆ సాధనను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదని అమ్మాయికి చెప్పండి.

దూరం మాత్రం దూరమే. మా అమ్మాయి పుట్టినప్పుడు నేను అరేబియా సముద్రంలో ఉన్నాను. రేడియో గది నుంచి పిలుపొచ్చింది. ఆపరేటరు హెడ్‌ఫోన్ తీయకుండానే పెన్సిలుతో రాసిన చిన్న చీటీ నా చేతిలో పెట్టాడు. 'ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.' కింద తేదీ, గ్రీనిచ్ సమయం రాసి ఉన్నాయి. ఇప్పుడు ఉపగ్రహం ద్వారా ఉత్తరాలు, ఫోను కూడా వీలవుతున్నాయి. మీ అమ్మాయి మీకు అంత దూరం కాదు. పంపించండి.

ప్రశ్న: మా నాన్నగారు నౌకాదళంలో పనిచేశారు. 1960లలో 'ఐఎన్ఎస్ కిస్ట్నా' మీద ఉన్నారు. ఆయన పెట్టెలో ఒక నోటు పుస్తకం, చిన్న చిన్న గాజు పలకలు దొరికాయి. పలకల మీద సన్నటి వంకర గీతలు ఉన్నాయి. తుడిచి దాచాలా? ఎవరికైనా పనికొస్తాయా?
— విశ్రాంత ఉపాధ్యాయురాలు, భీమునిపట్నం

అమ్మా, ముందుగా ఒక్క మాట. తుడవకండి. దయచేసి ఆ పలకల మీద వేలు కూడా పెట్టకండి.

మీ ఉత్తరం చదివి నేను లేచి నిలబడ్డాను. 1960ల తొలి సగంలో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన యాత్ర జరిగింది. పదికి పైగా దేశాలు, నలభై దాకా ఓడలు పాల్గొన్నాయి. అంతకుముందు మన సముద్రం గురించి ప్రపంచానికి తెలిసింది చాలా తక్కువ. అప్పటికి మన దగ్గర మహాసముద్ర పరిశోధనకు ప్రత్యేకించిన పెద్ద నౌక లేదు. నౌకాదళం ఒక యుద్ధనౌకను ఇచ్చింది. అదే కిస్ట్నా. కృష్ణా నది పేరునే ఇంగ్లీషువాళ్ళు అలా పలికేవారు. మన నది పేరు పెట్టుకున్న ఓడ మన సముద్రాన్ని కొలిచింది. ఆ యాత్ర తర్వాతే, 1966 జనవరి 1న, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఏర్పడింది. మీ ఊరి ఎదుటి సముద్రంలో పని అంతకంటే ముందే మొదలైంది. 1952లో లాఫాండ్ అనే అమెరికన్ ఆచార్యుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, విద్యార్థులను వెంటబెట్టుకుని నౌకాదళం ఓడల మీద విశాఖ తీరపు నీళ్ళను కొలిచారు. మన తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో ఉన్న లోయలకు ఆంధ్ర, కృష్ణ, మహాదేవన్ అన్న పేర్లు ఆయన పరిశోధనతోనే వచ్చాయి.

ఆ గాజు పలకలు బాతీథర్మోగ్రాఫ్‌వి అయి ఉండాలి. అప్పటి ఓడల్లో ఉష్ణోగ్రత కొలవడానికి వాడిన పరికరం. పలక మీద పలచటి పూత ఉంటుంది. పరికరం నీళ్ళలోకి దిగుతుంటే లోపల సన్నటి ముల్లు ఆ పూత మీద గీత గీస్తుంది. అడ్డంగా వేడి, నిలువుగా లోతు. మీరు చూసిన వంకర గీత, ఆ రోజు ఆ చోట సముద్రం పైనుంచి రెండు మూడు వందల మీటర్ల దాకా ఎంత వేడిగా ఉందో చెబుతుంది. అరవై ఏళ్ళ కిందటి బంగాళాఖాతమో అరేబియా సముద్రమో మీ పెట్టెలో ఉంది.

అయితే ఆ గీత ఒక్కటే చాలదు. ప్రతి పరికరానికీ దానికే సరిపోయే గళ్ళ పలక వేరుగా ఉండేది. దాని మీద పెట్టి చూస్తేనే అంకె తెలుస్తుంది. ఏ పరికరమో తెలియాలంటే దాని సంఖ్య కావాలి. అది పలక మీద మూలన గీకి ఉండవచ్చు. లేకపోతే నాన్నగారి నోటు పుస్తకంలో ఉంటుంది. అందుకే రెండింటినీ వేరు చేయకండి. లోతు అడుగుల్లోనో, ఫాథమ్‌లలోనో (ఫాథమ్ అంటే ఆరడుగులు), వేడి ఫారెన్‌హీట్‌లోనో రాసి ఉంటుంది. మార్చి రాయకండి. ఆయన కొట్టేసిన చోట్లు కనిపిస్తే, పేజీ మూలన సొంత లెక్కలు, ఇంటి ఖర్చులు ఉన్నా సరే, అలాగే ఉండనివ్వండి.

1993లో పాత సముద్ర రికార్డులను వెతికి కాపాడే పని ప్రపంచవ్యాప్తంగా మొదలైంది. మూలనపడ్డ లాగ్‌బుక్కుల్లోంచి, చెక్కపెట్టెల్లోంచి లక్షల కొలతలు అలా బయటికి వచ్చాయి. మీ దగ్గర ఉన్నవి ఇప్పటికే ఎక్కడైనా నమోదై ఉండవచ్చు, ఉండకపోవచ్చు. చూస్తేనే తెలుస్తుంది. మన దేశపు సముద్ర సమాచార భాండాగారం ఇన్‌కాయిస్‌లోనే ఉంది, వాళ్ళకు ఉత్తరం రాయండి. నౌకాదళం ఓడకు చెందినవి కనుక, ఆ సంగతి కూడా ఉత్తరంలో స్పష్టంగా చెప్పండి.

ఈలోగా ఇలా చేయండి. పలకలను ఒక్కొక్కటి అంచులు పట్టుకుని తీసి, ఒకదానికొకటి తగలకుండా నిలువుగా, పొడి డబ్బాలో పెట్టండి. అవి పెట్టెలో ఏ వరసలో ఉన్నాయో ఆ వరస మార్చకండి, ముందుగా ఒక ఫొటో తీయండి. నోటు పుస్తకాన్ని ఎండలో పెట్టకండి, ప్లాస్టిక్ అతికించకండి. పగటి వెలుతురులో అట్టతో సహా ప్రతి పేజీ ఫొటో తీయండి. మధ్యలో ఖాళీ పేజీలు వస్తే వాటినీ తీయండి.